చైనాలో ఖాదర్ భాయ్ ధర అడగలేదు

1997 అక్టోబర్ 10, శుక్రవారం – ఖురియాత్

రేపు ప్రయాణం. సూట్‌కేసు సగం ఖాళీగానే పెట్టాను, శాంపిల్స్ తేవాలి కదా. ఫ్లాస్కులు, ప్లాస్టిక్ డబ్బాలు, టిఫిన్ క్యారేజీలు... జాబితా రెండు పేజీలు దాటింది. దుకాణం పెట్టి ఎనిమిదేళ్లు. దుబాయ్ హోల్‌సేల్ వాడి దగ్గర ఏ వస్తువు తిరగేసినా అడుగున చైనా అనే అచ్చు. ఆ దేశం ఒక్కసారి కళ్లతో చూసొద్దాం అని ఏటా అనుకోవడమే. ఈ ఏడు పోయి తీరాలన్నది ఖాదర్ భాయ్.

పక్క దుకాణమే ఆయనది. ఆయనవి రెడీమేడ్ బట్టలు, నావి సామాన్లు. రెండు బోర్డులూ మా అర్బాబ్, మాకు వీసా ఇచ్చిన యజమాని, పేరు మీదే – ఒమానీ పేరు లేకుండా ఇక్కడ షట్టర్ లేవదు. పాస్‌పోర్టులు అర్బాబ్ దగ్గరే ఉంటాయి. ఖాదర్ భాయ్ వెళ్లి ఇద్దరివీ తెచ్చాడు. అర్బాబ్‌తో ఏ మాటైనా ఆయనే మాట్లాడతాడు. ఆయన అరబీ ముందు నాది ఎంత. నేను పక్కన నిలబడి తలాడిస్తాను.

మూడోవాడు సత్యం. ఘాలాలో స్పేర్ పార్టుల దుకాణం, ఊరు అమలాపురం పక్కన. ఆయన గోడ మీద ఒక క్యాలెండర్ ఉంది – నది, దాని చుట్టూ వింత కొండలు. ఆ నది చూపించకపోతే తాను రానన్నాడు. గిన్నెలు చూడ్డానికి చైనా దాకా ఎందుకండీ అని నన్ను ఎత్తిపొడుపు.

అక్టోబర్ 12 – హాంగ్‌కాంగ్

మెడ నొప్పి. బిల్డింగులు చూసీ చూసీ. సత్యం ఒకసారి తప్పిపోయి, మేము వెతుకుతుంటే వెనక నుంచి వచ్చి మమ్మల్నే తిట్టాడు.

అక్టోబర్ 13 – గ్వాంగ్జౌ

రైలులో రెండు గంటలు. స్టేషన్ బయట సైకిళ్లు... వరదలా. మాట ఒక్కటి అర్థం కాదు. హోటల్ పేరు రాసిన చీటీ ముగ్గురి జేబుల్లోనూ ఉంది, ఖాదర్ భాయ్ ఏర్పాటు. దుకాణాలు పెట్టకముందు ఘాలాలో కంపెనీ రూమ్‌లో ఉన్నప్పుడూ ఇంతే – నా బతాకా కార్డు, నా మందులు, నా తాళం చెవి, అన్నీ ఎక్కడున్నాయో పై బంకు మీది ఖాదర్ భాయ్‌కి తెలుసు, కింది బంకు మీది నాకు తెలియదు.

అక్టోబర్ 14 – గ్వాంగ్జౌ

మార్కెట్. నాలుగంతస్తులు. ఒక అంతస్తు అంతా మూతలే – డబ్బాలు వేరే అంతస్తు. నాకు పిచ్చెక్కింది. ఆడవాళ్లే వ్యాపారం. మాట రాదు కాబట్టి క్యాలుక్యులేటర్ మీద అంకె కొట్టి మన ముందుకు తోస్తారు, మనం మన అంకె కొట్టి వాళ్ల వైపు తోయాలి.

ఇది ఖాదర్ భాయ్ ఆట. దుబాయ్‌లో ఆయన బేరం చూడ్డానికి పక్క దుకాణాల వాళ్లు కూడా వస్తారు. బొటనవేలితో ఒక అంకె కొట్టి, క్యాలుక్యులేటర్ బోర్లించి పెట్టి, చాయ్ తాగుతూ కూర్చుంటాడు. అమ్మేవాడే తట్టుకోలేక తిప్పి చూసుకుంటాడు.

ఈ రోజు చేతులు వెనక్కి కట్టుకుని తిరిగాడు. ఒకామె పిల్లల చొక్కాల కట్ట ముందు పెట్టి క్యాలుక్యులేటర్ తోసింది. నవ్వి, దాన్ని నా వైపు జరిపాడు. నాకెందుకు, నేను చొక్కాలు అమ్ముతానా...

ఒంట్లో బాగాలేదా అంటే కాళ్లు గుంజుతున్నాయి అన్నాడు.

అక్టోబర్ 15 – గ్వాంగ్జౌ

ఖాదర్ భాయ్ ఒక్క శాంపిల్ తీసుకోలేదు. రెండు రోజుల్లో ఆయన కొన్నది ఒకే ఒక పట్టు రుమాలు, ఇంటావిడకి. అమ్మినామె చెప్పిన ధరే ఇచ్చాడు. చిల్లర కూడా లెక్క చూసుకోలేదు.

ధర అడగనివాడు కొననివాడు. దుకాణంలో కూర్చున్న ఎవడికైనా తెలిసిన సంగతి. మరి కొననివాడు ఇంత దూరం ఎందుకు వచ్చినట్టు. నా మీద ఏమైనా కోపమా. వెనక్కి వెళ్లి అన్నీ తలచుకుంటున్నాను. పోయిన నెల ఆయన దగ్గరికొచ్చిన గిరాకీ ఒకడు నా దుకాణంలో కూర్చుని వెళ్లిపోయాడు, అదొక్కటే గుర్తొస్తోంది. దానికి ఇంత కోపమా...

అక్టోబర్ 16 – గుయిలిన్

రైలు దిగేసరికి తెల్లారింది. ఊరంతా ఏదో పువ్వు వాసన, పొగడపూలకి దగ్గరగా. చెట్టు ఏదో చూపించమంటే సత్యం కరెంటు స్తంభం చూపించాడు.

ఖాదర్ భాయ్‌కి కుదిరే చోటే, హలాల్ ఉన్నచోటే, ముగ్గురమూ తింటాం – పన్నెండేళ్ల అలవాటు, ఎవరూ అనుకుని చేసింది కాదు. ఆకుపచ్చ బోర్డు వెతుక్కుంటూ వెళ్తే తెల్ల టోపీ పెట్టుకున్న ముసలాయన సేమ్యాల దుకాణం. ఖాదర్ భాయ్ సలాం చెప్పాడు. ముసలాయన అదే మాట తిరిగి అన్నాడు. ఇద్దరికీ అంతకు మించి ఒక్క మాట కలవదు. అయినా ఖాదర్ భాయ్ గిన్నెలో రెండు గుడ్లు, మా గిన్నెల్లో ఒక్కొక్కటి. సత్యం తన ఒక్క గుడ్డూ పైకెత్తి చూపించి న్యాయం అడిగాడు. ముసలాయన పగలబడి నవ్వాడు గాని రెండోది వేయలేదు.

అందరం నవ్వాం. ఖాదర్ భాయ్ కూడా. అమ్మయ్య అనుకున్నాను.

అక్టోబర్ 17, శుక్రవారం – గుయిలిన్

జుమ్మా నమాజుకి ఆయన మసీదు లోపలికి వెళ్లాడు. నేనూ సత్యం బయట మెట్ల మీద, కమలాపళ్లు ఒలుచుకుంటూ. ఊరికే అన్నాను – ఖాదర్ భాయ్ బట్టలు ఏమీ కొనలేదు, రంజాన్ సరుకు ఎప్పుడు తెస్తాడో అని.

సత్యం ఒలవడం ఆపాడు.

"మీకు చెప్పలేదాండీ?"

క్యాన్సల్ మీద పోతున్నాడట. వీసా రద్దు చేయించుకుని, మళ్లీ తిరిగిరాని పోవడం. ఈ నెలాఖరుకే. అర్బాబ్ కొడుక్కి దుకాణం కావాలి. రెండింట్లో ఒకటి ఖాళీ చేయండి, ఎవరో మీరిద్దరే తేల్చుకోండి అని అర్బాబ్ ఎండాకాలంలోనే ఖాదర్ భాయ్‌తో చెప్పాడు. అరలు, అద్దాలు కొనేవాళ్లు ఘాలాలో ఎవరైనా ఉన్నారా అని ఖాదర్ భాయ్ అడగడం వల్ల సత్యానికి తెలిసింది. నాకూ తెలుసనుకున్నాడు.

ఈ పేజీ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. వినగానే ముందు కలిగింది బాధ కాదు. నా దుకాణం కాదు కదా, అన్నది. ఒక్క క్షణమే. కాని ముందు వచ్చింది అదే.

అక్టోబర్ 18 – పడవ

పొద్దున్నే ఎక్కాం. నాలుగైదు గంటలు నీళ్ల మీదే.

ఈ కొండలు... మా జగిత్యాల వైపు గుట్టంటే బండరాయి. ఖురియాత్ దారిలో గుట్టంటే కాలిన ఇనుము, గడ్డి పోచ ఉండదు. ఇక్కడ తోమి బోర్లించిన గిన్నెల్లా ఒక్కొక్కటీ విడివిడిగా, నెత్తి దాకా పచ్చగా. ఒకటి దాటితే వెనక ఇంకొకటి, దాని వెనక పొగమంచులో లేతగా ఇంకొకటి. నీళ్లలో తలకిందులుగా మళ్లీ అవే. గేదెలు మునిగి గడ్డి తింటున్నాయి. పడవ వెనక పొయ్యి మీద చేపలు వేయిస్తున్నారు.

సత్యం ముందు నిలబడి ఫొటోల మీద ఫొటోలు. ఖాదర్ భాయ్ రెయిలింగ్ దగ్గర. నేను ఇవతల బెంచీ మీద. మధ్యలో నాలుగడుగులు.

ఇలాంటిది చూసినప్పుడు పక్కనున్న మనిషి మోచెయ్యి తట్టి అటు చూడు అనాలి. రెండు సార్లు చెయ్యి లేచింది. జేబులో పెట్టుకున్నాను.

అక్టోబర్ 19 – యాంగ్‌షువో

పొద్దున ఏటి ఒడ్డు. వెదురు తెప్ప మీద ఒక ముసలాయన, నల్ల పక్షులు రెండు. పక్షి మునిగి చేప తెస్తుంది, మెడకి కట్టిన తాడు వల్ల పెద్దది మింగలేదు, ఆయన నోట్లోంచి లాగి బుట్టలో వేసుకుంటాడు. చిన్న ముక్క ఒకటి దానికిస్తాడు.

"ఈ పిట్టకీ అర్బాబ్ ఉన్నాడండోయ్," అన్నాడు సత్యం.

ఖాదర్ భాయ్ నవ్వాడు. నేను నవ్వలేదు. సత్యం అది చూసి, టీ దొరుకుతుందేమో చూసొస్తానని వెళ్లిపోయాడు. మంచివాడు.

ఇంక ఆగలేదు నేను.

"ఇద్దరిని తేల్చుకోమన్నడట గదా భాయ్. నువ్వొక్కనివే ఎట్ల తేలుస్తవ్?"

ఆయన నదివైపే చూస్తున్నాడు. సత్యం చెప్పినాడా అని కూడా అడగలేదు.

"నిన్ను అడిగింటే నువ్వేమంటావో నాకు తెలీదా గంగన్నా. నువ్వుండు, నేను పోతా అంటావు. నేను కాదంటా. ఇద్దరమూ నెల్రోజులు అదే మాట మీద కూచునుందుము."

నీకోసం పోతున్నాననుకోవద్దు అన్నాడు. బేజారైందట. పొద్దున షట్టర్ ఎత్తేటప్పుడు చెయ్యి బరువుగా ఉంటోందట. కడపలో తమ్ముడితో కలిసి ఏదో ఒకటి చేసుకుంటాడట. పోయేలోపల మనం ముగ్గురం ఒకసారి ఎక్కడికైనా పోవాలనిపించింది, చైనా అయితే నువ్వు కాదనవు అని... ఇవన్నీ మామూలుగా, రేపటి సరుకు గురించి చెప్పినట్టు చెప్పాడు.

బేజారు నిజమో, నా బరువు తగ్గించడానికి అన్నాడో. పన్నెండేళ్లు చూసిన మనిషి మొహం. కనిపెట్టలేకపోయాను.

నన్ను అడిగి ఉంటే నేను పోతాననేవాడినని ఆయన నమ్మకం. అందులో ఆయనకి అనుమానమే లేదు. నాకుంది.

అక్టోబర్ 20

ఏమీ రాయాలని లేదు. తిరుగు రైలు. సత్యం ఒక్కడే మాట్లాడుతున్నాడు, ముగ్గురి వంతూ.

అక్టోబర్ 23 – ఖురియాత్

సీబ్‌ ఎయిర్‌పోర్టులో దిగాం. సత్యాన్ని ఘాలాలో దించి ఇద్దరం ట్యాక్సీలో. గుట్టల మధ్య గంటకు పైగా. ఇద్దరికీ నిద్ర రాలేదు, ఇద్దరమూ నిద్రపోయినట్టే కూర్చున్నాం.

అక్టోబర్ 25

శాంపిల్స్ విప్పాను. గిరాకీలు వచ్చి ముట్టుకుని చూస్తున్నారు. మూత బిగించగానే టక్కుమనే డబ్బా అందరికీ నచ్చింది. గోడ అవతల ఖాదర్ భాయ్ డిస్కౌంట్ బోర్డు పెట్టాడు. చేపలు పట్టే వాళ్ల ఆడవాళ్లు గుంపుగా వచ్చి అందరూ ఆయన దగ్గరే. ఎప్పుడూ లేనంత సందడి. ఒకామె నా దుకాణంలోకి తొంగి చూసి, నువ్వూ తగ్గిస్తావా అని అడిగింది. లేదన్నాను.

మధ్యాహ్నం భోజనం ఎప్పటిలాగే కలిసే. చేపల పులుసు ఆయన చేశాడు. ఉప్పు తక్కువైంది, ఇద్దరం చెప్పుకోలేదు.

అక్టోబర్ 26

ఇంటికి ఫోన్. మా ఇంటావిడ లక్ష్మి మొదట అడిగే మాట ఎప్పుడూ ఒకటే –

"ఖాదరన్న మంచిగున్నడా?"

మంచిగున్నడు అన్నాను. చైనా గురించి అడిగింది. నది గురించి చెప్పాను, గేదెలు నీళ్లలో మునిగి గడ్డి తింటాయని చెప్పాను. కార్డు అయిపోయింది.

అక్టోబర్ 28

అర్బాబ్ వచ్చాడు, నా దుకాణానికే. కుర్సీ వేశాను. ఖావా కాఫీ పోశాను. నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా, కొంచెం హిందీ కలిపి మాట్లాడాడు. శనివారం ఆఫీసు తెరవగానే క్యాన్సల్ కాగితాలు ఇచ్చేస్తాడట. నాకు ఎవరైనా ఒకటే, ఇద్దరూ మంచివాళ్లే అన్నాడు. మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకునే తేల్చుకున్నారని ఖాదర్ చెప్పాడు, నిజమేనా అన్నాడు.

ఖాదర్ భాయ్ గుమ్మం దగ్గరే ఉన్నాడు, చొక్కాలు కట్ట కడుతున్నాడు. వెనక్కి తిరగలేదు. చెయ్యి మాత్రం ఆగింది.

"అయ్వా," అన్నాను. అవునని.

ఆ చెయ్యి మళ్లీ తాడు ముడి వేయడం మొదలుపెట్టింది.

అర్బాబ్ నా భుజం తట్టి వెళ్లాడు. ఇంతమంది అన్నదమ్ములు కొట్టుకుంటుంటే మీరు చూడండి ఎంత కలిసున్నారో అన్నట్టున్నాడు. ఆ మాట నాకు సరిగ్గా అర్థం కాలేదు, అర్థం కాకపోతేనే నయం.

అక్టోబర్ 29

ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నది లేదు. ఇప్పుడైనా మాట్లాడవచ్చు. గోడ అవతలే ఉన్నాడు.

ఆ ఒక్కమాట నేను అనాలి – నువ్వుండు భాయ్, నేను పోతా. ఆయన ఒప్పుకోడని తెలిసి అంటే అది ఏం అన్నట్టు. ఒప్పుకుంటే...

జగిత్యాలలో నేనేం చేస్తాను.

అక్టోబర్ 30, గురువారం

ఒంటిగంటకు షట్టర్ దించాం. తిన్నాక ఖాదర్ భాయ్ పడుకున్నాడు. గురక. పోయే మనిషికి నిద్ర పడుతోంది.

ఖాళీ అరలు తీసుకెళ్లడానికి రేపు సత్యం పికప్ పంపిస్తాడు. ఎల్లుండి కాగితాలు. ఆ కాగితాల మీద ఇంకా పేరు రాయలేదు – మొన్న అర్బాబ్ చేతిలో చూశాను, ఆ గీత ఖాళీగానే ఉంది.

ఎవరైనా ఒకటే అన్నాడు కదా ఆయన.

చొక్కా మార్చుకున్నాను. చెప్పులు వేసుకున్నాను. ఎందుకో కూర్చుని ఇది రాస్తున్నాను. ఏం చెప్పాలో అరబీలో రెండు సార్లు అనుకుని చూశాను, వస్తోంది. చిన్న మాటే – ఆ గీత మీద నా పేరు.

మూడున్నర. నాలుగింటికి దుకాణం తెరవాలి. అర్బాబ్ ఇల్లు నడిస్తే పది నిమిషాలు.