గాజుల చప్పుడు

రుస్తాఖ్, 2015. శుక్రవారం రాత్రి.

పోయిన మా ఆవిడ గొంతు నా ప్లేయర్‌లో ఒక్క బతుకమ్మ పాటగా మిగిలింది. అందులో ఆమె గాజుల చప్పుడు వినబడటం లేదని మూడో జత ఇయర్‌ఫోన్లు కొన్నాను, సన్నని శబ్దాలను పెంచే ట్రెబుల్ గీతను చివరిదాకా ఎత్తాను. లాభం లేదు.

"అగ్గువ మాల్‌రా, గాజులను మింగుతుంది" అని లేబర్ క్యాంపులో నా రూమ్‌లోనే ఉండే రాజన్నకు ఇచ్చాను. వాడు చెవుల్లో పెట్టుకుని వెంటనే పీకేశాడు.

"గాజులే మోగుతున్నయ్ గదనే మామా. చెవులు పగులుతున్నయ్, జర తగ్గియ్యి."

సైట్‌లో ఫోర్‌మన్ బండి గుట్ట అవతల ఉండగానే విని, కునుకు తీసేవాళ్లను లేపిన చెవులు నావి. ఇరవై ఏళ్లు రాళ్లు పగలగొట్టిన బ్రేకర్ మోత వాటిని తినేసింది.

ఒకటి వాడి చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టి, గాజులు మోగినప్పుడల్లా వేలెత్తమన్నాను. పాట అయ్యేదాకా వాడి వేలు లేస్తూనే ఉంది.