ఫాస్టింగ్ ఎనభై నాలుగు

జనవరి 28

ఇన్సులిన్ మళ్ళీ పెంచారు. ఎనిమిదో నెలలో ఇది మూడోసారి. నేను నోరు కట్టుకుని చస్తుంటే డోసు పెరగడమేమిటని డాక్టర్‌గారి మీద విసుక్కున్నాను. ఆవిడ నవ్వి, నా తప్పేం లేదన్నారు. ప్లసెంటా పెరిగే కొద్దీ దాన్నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ని సరిగ్గా పని చెయ్యనివ్వవట. బిడ్డకి అన్నం పెట్టేదీ అదే, నాకు షుగర్ పెంచేదీ అదే. అమ్మయితే దాన్ని మాయ అంటుంది.

ఫిబ్రవరి 3

అమ్మ చల్లపల్లి నుంచి దిగింది, సంచీ నిండా కాకరకాయలతో. ఇకనుంచి రోజూ గ్లాసుడు రసం తాగాలట. మా ఆయన తేజేశ్వర్ ఒక్క గుక్క రుచి చూసి, షాపుకి టైమైపోతోందని పారిపోయాడు. లోపల బిడ్డ మాత్రం ఒకటే తన్నులు.

ఫిబ్రవరి 8

ఫాస్టింగ్ 84! మీటర్ పాడైందేమోనని మళ్ళీ చూశాను. అంతే ఉంది.

ఫిబ్రవరి 10

మధ్యాహ్నం చేతులు వణికి, ఒళ్ళంతా చెమటలు. షుగర్ 58. గ్లూకోజ్ తాగాక తేరుకున్నాను. భయమేసి ఇన్సులిన్ నేనే బాగా తగ్గించేసుకున్నాను. అయినా షుగర్ పెరగలేదు.

అమ్మ సంబరం చూడాలి. కాకరకాయ ముందు ఏ మందైనా బలాదూరట. పక్క ఫ్లాట్ శౌరమ్మగారికి కూడా చెప్పొచ్చింది. డాక్టర్‌గారికి ఫోన్ చేద్దామంటే, పెరిగితే చెయ్యాలి గానీ తగ్గితే దేనికన్నాడు తేజేశ్వర్. నిజమే కదా అనిపించింది. గురువారం శ్రీమంతం, మర్నాడు ఎలాగూ చెకప్ ఉంది.

ఫిబ్రవరి 13, సాయంత్రం

రెండు చేతులకీ మోచేతుల దాకా గాజులు. పొద్దున్నుంచి కదలికలు తక్కువగా ఉన్నాయి. శౌరమ్మగారితో అంటే, తొమ్మిదో నెల కదమ్మా, చోటు చాలక కదలరులే అన్నారు. గాజుల చప్పుడికి హాయిగా నిద్రపోతున్నాడంది అమ్మ. ఫొటోల్లో అందరితో పాటు నవ్వాను. మనసు మనసులో లేదు.

ఐదింటి నుంచీ అసలు కదల్లేదు. తేజేశ్వర్ కారు తీస్తున్నాడు.

ఫిబ్రవరి 14

బిడ్డ గుండె ఆగిపోయింది.

డాక్టర్‌గారు చెప్పింది రాసుకోకపోతే పిచ్చెక్కేలా ఉంది. నా షుగర్ వల్ల ప్లసెంటాలో రక్తనాళాలు ఎప్పట్నుంచో దెబ్బతింటూ వచ్చాయట. అది పనిచెయ్యడం మానేస్తుంటే హార్మోన్లు పడిపోయాయి. అందుకే ఇన్సులిన్ అవసరం తగ్గింది. నాకేం నయం కాలేదు. మేం పండగ చేసుకున్న నాలుగు రోజులూ లోపల బిడ్డకి ఊపిరి అందలేదు.

ఫోన్ చేసి ఉంటే బతికేదా అని అడిగాను. చెప్పలేనమ్మా అన్నారావిడ, నా చెయ్యి వదలకుండా.

ఫిబ్రవరి 15

ఆడపిల్ల. ఒత్తు జుట్టు. తేజేశ్వర్ ఎత్తుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, అక్కడే చాలాసేపు నిలబడిపోయాడు.

కాకరకాయ రసం వల్లే ఇలా అయిందా అని అమ్మ వచ్చిన ప్రతి నర్సునీ అడుగుతోంది. కాదంటే నమ్మడం లేదు. అమ్మ మీద కోపం రావాలి నాకు. రావడం లేదు.

ఫిబ్రవరి 18

మాయ బయటికొచ్చేసింది కాబట్టి షుగర్ నార్మల్. ఇంజెక్షన్లు ఇక అక్కర్లేదట. అమ్మ కాఫీలో చక్కెర వేసి ఇచ్చింది.

తియ్యగా ఉంది.