ఉగాది మర్నాడు వచ్చిన బండి

నాయనా, నా కోడిగీతలకు, తప్పులకు కోప్పడొద్దు.

నువ్వు పోయాక, ఆళ్లగడ్డ అంగడిలో నీ వాటా లాభం ఉగాది వరకు లెక్కగట్టి అమ్మకిస్తానన్నాడు నీ భాగస్తుడు సుబ్బయ్య మామ. తీరా, ఉగాది మర్నాడు నంద్యాల నుంచి బండిలో దిగిన గుడ్డల మూటలను పాత సంవత్సరం కొనుగోళ్లలో రాసి లాభమే లేదన్నాడు! సరుకు గడప దాటందే నువ్వెప్పుడైనా పద్దు రాశావా?

అత్తింటి నుంచి అమ్మ దగ్గరికొచ్చున్న నేను, అంగడి వెనకున్న మనింటి తలుపు చాటు నుంచే అడిగాను.

“పండగ ముందే వచ్చినాయిలే. ఆడపిల్లవు, నీకేందీ లెక్కలు?”

“ముందే వచ్చింటే, బండి తోలుకొచ్చిన ఆయప్పకు పండగనాడు మిగిలిన ఓళిగలు యాడివి పెట్టినా మామా?”

అంగట్లో జనం నవ్వారు. ఆయన ఆ పద్దు కొట్టేసి కొత్త ఏడాది పుస్తకంలో రాశాడు.

నీ చెప్పులింకా ఆ గడప దగ్గరే ఉన్నాయి. రోజూ వాటిని దాటుకుంటూ పోయి ఎట్లా రాశాడు నాయనా?

నేను ఎదురు మాట్లాడానని అత్తింట్లో తెలియకూడదు. చదివి కాల్చెయ్యి.