దిగిన గడి లేని పర్మిషన్

నాన్నా రాంబాబూ,

నువ్వు పోయి నేటికి రెండేళ్లు. కొండకింద గేటు దగ్గర, మన టీ బడ్డీలో కూర్చుని రాస్తున్నాను.

గేటు దగ్గర పుస్తకం తీసేశారు. కొండమీద గుడారం వేసుకునేవాళ్లు ఇకమీదట ఫోనులోనే పర్మిషన్ తీసుకోవాలట. పుస్తకంలో ఎక్కేటప్పుడొక సంతకం, దిగేటప్పుడొక సంతకం ఉండేవి కదా. నువ్వు దారి చూసి వస్తానని ఒక్కడివే ఎక్కిన రోజు, దిగిన గడిలో నీ సంతకం లేదని చూసి, గేటు వాచర్ సింహాచలం ఊరిని లేపుకొని వెళ్లాడు. అందుకే నీ ముఖమైనా చూసుకున్నాను.

ఆ పుస్తకం పై ఆఫీసుకు పట్టుకెళ్లారట. నాకు నమ్మకం లేదు. నీ ఖాళీ గడి కూడా అందులోనే ఉంది.

"మరి దిగినోల్లెవులో ఫోనుకెలా తెలుస్తాదిరా?" అని సింహాచలాన్ని అడిగాను.

"దానికన్నీ తెలుసు పిన్నీ. నువ్వు టీ పొయ్."

అన్నీ తెలుసన్నవాళ్లని నేను నమ్మను. వాడి ఫోను తీయించి, అందులోని పర్మిషన్ వాడి చేతే చదివించాను. పేరుంది, ఫోటో ఉంది, ఎక్కే రోజుంది.

"దిగిన గడేది?"

"ఎల్లడానికే పర్మిషన్ పిన్నీ, రాడానికెందుకు?" అని నవ్వాడు. ఆవేళ నిన్ను మోసుకొచ్చిన వాళ్లలో వాడూ ఉన్నాడు.

అందుకని ఎక్కేవాళ్లని నేనే లెక్క చూసుకుంటున్నాను. నిన్న ఆరుగురు పిల్లలు ఎక్కారు. ఇప్పుడే అయిదుగురు దిగి టీ అడిగారు.

"ఇంకొకడేడి?"

"వెనకాల వస్తున్నాడు ఆంటీ."

"ఎంత ఎనకాల?"

ఒకడు ఫోను తీసి వాడికి కలపబోయాడు, కలవలేదు.

ఇక ఆపుతాను నాన్నా. సింహాచలాన్ని లేవదీసుకొని కొండెక్కాలి. ఇంకా వెలుగుంది.