పత్తి గదిలో రెండు మైకులు

తండా, ఏన్కూరు మండలం,
21 నవంబర్ 2025, శుక్రవారం.

శ్రీనన్నకు,

నీ చెల్లెలు జ్యోత్స్న నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమమే అని రాయాలని ఉంది. కానీ సోమవారం నాయనమ్మ ఆపరేషన్ అయ్యేదాకా ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వక్కడ స్టూడియోలో పడి వేళకు తినడం మరిచిపోతున్నావని మాత్రం రూఢిగా తెలుసు.

ఫోన్‌లో చెప్పబోతే ఏడుపొస్తుంది. రికార్డింగు ఫైలు పంపుదామంటే మన సిగ్నల్‌కు సగంలోనే ఆగిపోతోంది. అందుకే పెన్‌డ్రైవు, ఈ ఉత్తరం కలిపి భీమ్లా మామ చేతికిస్తున్నాను. రేపు పొద్దున్న బస్సుకు హైదరాబాద్ వస్తున్నాడు.

డాక్టర్ మళ్ళీ అదే చెప్పాడు. స్వరపేటిక తీసేయాలి, ప్రాణం నిలుస్తుంది గానీ గొంతు ఇక రాదు. నాయనమ్మ ఎదుటే చెప్పేశాడు. ఇంటికొచ్చాక ఆమె మిరపకు నీళ్ళు పెట్టారా అని అడిగింది. నాకు ఆ రోజు నుంచి సరిగా నిద్ర లేదు. ఇప్పటికే ఆమె గొంతు బొంగురుపోయింది, రోజురోజుకూ ఇంకా సన్నబడుతోంది. ఈ వారం పోతే ఆమె ఢావ్లో పాట ఇక ఎవరూ వినరు.

నువ్వు పంపిన కొత్త మైకు వైర్లు అందాయి. పాత వైరు పెట్టినప్పుడు గుయ్యిమని ఒకటే మోత, గుర్తుంది కదా. అది మోటారు స్టార్టర్ వైరు పక్కనే పోతోంది మరి. నువ్వు చెప్పినట్టే మూడు పిన్నుల బ్యాలెన్స్‌డ్ వైర్లు రెండు మైకులకూ బిగించి, రెండో కొస రికార్డింగు డబ్బాకు పెట్టాను. లోపల రెండు తీగల్లో ఒకే శబ్దం ఒకటి సూటిగా, ఒకటి తిరగేసి పోతుందనీ, మధ్యలో చొరబడిన మోత చివర్లో దానికదే కొట్టుకుపోతుందనీ నువ్వు చెబితే నమ్మలేదు. నిజంగానే పోయింది! పోయిందని సంబరపడేలోగా అసలు ఏ శబ్దమూ లేదని తెలిసింది. మైకులకు కరెంటు ఇచ్చే నలభై ఎనిమిది వోల్టుల బటన్ నొక్కాలని నువ్వు పెద్ద అక్షరాలతో రాసింది తర్వాత చూశాను. తిట్టుకో.

గది సంగతి చెబితే నువ్వు మెచ్చుకుంటావు. ఏరిన పత్తి పోసిన గదిలోనే పెట్టాను. గోడ పొడుగునా పత్తి ఉంది కదా, చప్పట్లు కొట్టినా ప్రతిధ్వని లేదు. నువ్వు చెప్పినట్టే అందరినీ బయటికి పంపి, కోళ్ళను కూడా తరిమి, నాయనమ్మను ఒక్కదాన్నే మైకుల ముందు కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టుకుని తలుపు బయట నేను కూర్చున్నాను. ఇది నిన్నటి మాట.

నాయనమ్మ పాడలేదు. ఊపిరి వినిపిస్తోంది, గాజులు వినిపిస్తున్నాయి, పాట లేదు. గొంతు అప్పుడే పోయిందేమో అనుకున్నాను. లోపలికి ఉరికితే, ఆమె మైకు వైపు చూసి, "గీ ఇనుప కట్టెను పట్టుకొని ఎట్ల ఏడుస్తరే? మెడ ఏది?" అని అడిగింది.

అత్తారింటికి పోయే పిల్ల అయినవాళ్ళ మెడ పట్టుకుని ఏడుస్తూ పాడేదే ఢావ్లో అని నీకూ తెలుసు, నాకూ తెలుసు. నీ స్టూడియో లెక్కల్లో పడి ఇద్దరం మరిచిపోయాం చూడు! నా మెడ ఇచ్చాను. కాసేపు పట్టుకుని వదిలేసింది. "నువ్వు దవాఖానకు నాతోటే వస్తున్నవ్ గద బిడ్డా. నిన్ను పట్టుకుంటే ఏడుపెట్ల వస్తది? దూరమైన మనిషి గావాలె" అంది.

అన్నను రమ్మననా అని అడిగాను. తండాకు చెప్పకుండా భద్రాచలంలో రిజిస్టర్ పెళ్లి చేసుకున్నావని నీతో మాట మానేసిన మనిషి కదా, గోడ వైపు తిరిగింది. కానీ వద్దని అనలేదు. నువ్వు ఎంత తొందరగా బయల్దేరినా ఈలోపు గొంతు ఉంటుందో లేదోనని నాకు భయం పట్టుకుంది. దగ్గర్లో ఉన్న ఒకరికి ఫోన్ చేశాను. ఎవరన్నది చివర రాస్తాను, ఇప్పుడే రాస్తే మిగతాది చదవవు.

ఆ మనిషి ఈ రోజు పొద్దున్నే వచ్చింది. ఒక మైకు నాయనమ్మ నోటి దగ్గరికి, ఇంకోటి ఆ మనిషి భుజం వెనక్కి జరిపాను. నాయనమ్మ ఆ మెడ చుట్టూ చేతులు వేసింది. పాడింది అన్నా! బొంగురుగానే, ఆగి ఆగి, మొదలు నుంచి చివరి వరకు పాడింది. నేను ఏడుస్తూ మీటరు చూస్తూనే ఉన్నాను, శబ్దం హద్దు దాటి ఎర్ర లైటు ఒకట్రెండు సార్లు వెలిగింది. పాడైందేమోనని బెంగ. తిరిగి వినే ధైర్యం లేక అలాగే పెన్‌డ్రైవులోకి ఎక్కించాను. అందగానే విను. బాగాలేకపోతే వెంటనే చెప్పు, ఆదివారం సాయంత్రం దవాఖానలో చేరేదాకా సమయం ఉంది. ఇంకోసారి పాడే శక్తి ఆమెకు ఉందో లేదో మాత్రం నాకు తెలియదు.

నీ జవాబు కోసం ఫోన్ చేతిలోనే పట్టుకుని తిరిగే,
నీ చెల్లెలు
జ్యోత్స్న

తా.క.: కుడి వైపు మైకులో ఇంకో ఏడుపు వినిపిస్తుంది. మోత అనుకుని కోసేయకు. అది శ్రావణి వదిన. బడిలో పాఠాలు చెప్పాలని నీతో అని, సెలవు పెట్టి భద్రాచలం నుంచి వచ్చింది. నాయనమ్మ గడపలో ఆమెను చాలాసేపు చూసి, "నువ్వేనా" అని మాత్రం అడిగింది. వదిన "అవ్, నేనే" అంది. పాట అయిపోయాక కూడా నాయనమ్మ ఆ మెడ వదల్లేదు, సాయంత్రం బస్సుకు పోనివ్వలేదు. రేపు నాయనమ్మే నీకు ఫోన్ చేస్తుందట. గొంతు ఉండగానే నీతో మాట్లాడాలట. ఎత్తు అన్నా.