డ్రమ్ములున్న వైపు

మంగళవారం రాత్రి

వదిన నా మంచం మీద పండుకుంది. పెదవి పగిలి ఉబ్బింది. నేను గడియ పెట్టుకొని రాస్తున్న.

పొద్దుగూకంగ కొత్త జాజ్ రికార్డు వచ్చింది. పాత ఆల్బమ్‌నే బరువైన ప్లేటు మీద మళ్ల అచ్చేసిండ్రు. చిటపటలు లేవు, ప్రతి దెబ్బ విడిగ వినబడుతది. అన్ననే తెప్పించిండు. నాందేడ్ మొత్తంల నా పిచ్చి అన్నకొక్కనికే అర్థమైతదని మురిసిన.

"సింధూ, డ్రమ్ములున్న వైపు పెట్టు. గట్టిగ పెట్టు," అని వంటింట్ల నుంచి కేకేసిండు. ఎప్పుడు అదే అడుగుతడు. పెట్టిన.

నడుమ ఒక దెబ్బ తాళం తప్పింది. అంత పెద్ద డ్రమ్మరు తప్పడే అని లేచి చూసిన. అన్న వదిన జుట్టు పట్టుకొని మొఖాన్ని గోడకు కొడుతున్నడు. గందుకే గట్టిగ పెట్టుమనేది. ఇన్ని దినాలు నాతోనే పెట్టిచ్చిండు.

రికార్డు మీది ముల్లు ఎత్తేసిన, పాట ఆగింది. వదిన అరుపు గల్లీ దాక పోయింది. అన్న ఉరికొచ్చి నా చెంప పగలగొట్టి, ముల్లు మళ్ల పెట్టబోయిండు. ప్లేయర్ మూత వాని వేళ్ల మీద బలంగ ఏసిన. ఎముక చప్పుడు కూడ విడిగనే వినబడ్డది. నాకు బాధ కాలే.

పక్కింటి మరాఠీ ఆమె, మేం కాకు అని పిలుస్తం, ఏమైందని తలుపు బాదింది. "కాయ్ ఝాలం గ?"

"కాహీ నాహీ కాకూ, రికార్డు," అని ఏం లేదన్నట్టు జవాబిచ్చిండు అన్న.

వదిన నోట్ల నెత్తురుతోనే పోయి తలుపు తీసింది.

కాకు ఇంక పోలే. హాల్ల కుర్చీ ఏసుకొని కూసుంది. అన్న మా గది దిక్కు కదిలినప్పుడల్ల గట్టిగ దగ్గుతున్నది.

పొద్దున ఆమె పోతది గదా. అప్పుడు...