హర్షిత పరికిణీ కొలత

రాజమండ్రి,
ఆదివారం.

అమ్మకి నమస్కరించి నిరంజన్ రాస్తున్నది. అక్కడ నువ్వు, అక్క, బావగారు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం అలవాటు గానీ, అందరం అనడానికి ఈ ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే. ఆ ఒక్కడూ బాగానే ఉన్నాడు.

నీ ఉత్తరం అందింది. ఖరగ్‌పూర్ నుంచి రావడానికి ఇన్నాళ్ళు పడుతుంటే, ఉత్తరాలెందుకురా ఫోన్ చెయ్యొచ్చు కదా అంటుంది అక్క. చేస్తే నీకా వినబడదు, నేను అరిచి చెప్పేవన్నీ వీధిలో వాళ్ళకి వినబడతాయి. నీకు చెప్పుకోవలసినవి అరిచి చెప్పేవి కావమ్మా.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. భోజనం మెస్సు నుంచి క్యారేజీ వస్తోంది. పప్పు రోజూ ఉంటుంది, ఉప్పు అప్పుడప్పుడూ ఉంటుంది. నువ్విచ్చిన ఆవకాయ జాడీ అడుక్కొచ్చేసింది. షాపు బాగానే నడుస్తోంది. ఎండలు మండిపోతున్నా జనం పుట్టినరోజులు మానరు, ఓణీల ఫంక్షన్లు మానరు, కాబట్టి ఫ్లెక్సీలూ మానరు. దాళ్వా కోతలు మొదలయ్యాయి. కొవ్వూరు వైపు రైతులు ధాన్యం రాశుల మీద కప్పుకోవడానికి పాత ఫ్లెక్సీలు అడిగి పట్టుకెళ్తున్నారు.

"పెళ్ళాం మీద ధర్నా ఏంట్రా, నలుగురూ నవ్విపోతారు" అని రాశావు. పెళ్ళాం మీద కాదమ్మా, చట్టం మీద. విడిపోయిన మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ పిల్లల్ని పెంచుకునేలా చట్టం మార్చమని కలెక్టరాఫీసు దగ్గర షామియానా వేసుకుని కూర్చుంటున్నాం. మా సంఘం పెద్ద గుంపేం కాదు. సామర్లకోట నుంచి ఉదయ్‌భాస్కర్ గారని లెక్కల మాస్టారు ప్యాసింజర్ రైలెక్కి వస్తారు, ఆయనే మాకు పెద్ద. కొడుకుని చూసి చాలా ఏళ్ళయిందట. మైకు పట్టుకుంటే సెక్షన్లన్నీ గడగడా చెబుతారు గానీ, సొంత కొడుకు పేరు దగ్గరికొచ్చేసరికి మైకు పక్కవాళ్ళకి ఇచ్చేస్తారు. మేం అడుగుతున్నది కొండ మీద కోతిని కాదు. నెలకి రెండు శనివారాలు కోర్టు గదిలో, గుమ్మంలో బంట్రోతు నిలబడి ఉండగా పిల్లని చూసుకునే బదులు, సెలవుల్లో కొన్నాళ్ళు ఇంటికి తెచ్చుకోనివ్వండి అంటున్నాం. అందులో తప్పుందని నేనిప్పటికీ అనుకోవడం లేదు.

ఇక అసలు ప్రశ్న. "వేసవి సెలవులకి హర్షితని తెస్తున్నావు కదా, పరికిణీకి పట్టుగుడ్డ తీశాను, పిల్ల కొలత రాయి" అన్నావు. దాని జవాబు చివర్న రాస్తాను. అంతకన్నా ముందు ఇంకో సంగతి చెప్పాలి.

సెంటర్లో నేను కట్టిన హర్షిత ఫ్లెక్సీని అక్క తన ఫోన్లో చూపించిందని, "అంత బొమ్మ నలుగురి కళ్ళల్లో పెట్టావు, పిల్లకి దిష్టి తగులుతుంది, తీసెయ్యరా" అని రాశావు. చదివి నవ్వుకున్నాను. మన ఊళ్ళో ముద్దొచ్చినా ఫ్లెక్సీయే, ఏడుపొచ్చినా ఫ్లెక్సీయే. హర్షిత మొదటి పుట్టినరోజుకి నేను వేసిన ఫ్లెక్సీ కింద నిలబడి ఫోటో తీయించుకున్నది నువ్వే కదా. ఈసారి వెయ్యమని సంఘం వాళ్ళెవరూ చెప్పలేదు. నా బుర్రలోనే పుట్టింది. పిల్ల స్కూలు బస్సు ఆ సెంటర్ మీంచే పోతుంది. కిటికీలోంచి చూసుకుంటుంది, నాన్న తన కోసం పోరాడుతున్నాడని తెలుసుకుంటుంది, సంతోషిస్తుంది అనుకున్నాను. పుష్కరాల రేవులో ముంజలు తింటూ నవ్విన పాత ఫోటో ఉంది చూడు, అది వేశాను. అప్పటికి దానికి ముందు పళ్ళు రెండూ లేవు. కింద ఎర్రటి అక్షరాలతో "నా బిడ్డ నాకు కావాలి" అని పెట్టాను. మొహం ఒక్కటే నాలుగడుగులు వచ్చింది.

ఆ తర్వాత శనివారాల్లో పిల్ల నాతో మాట్లాడడం మానేసింది. శ్రీదివ్య నూరిపోస్తోంది అని కిందటి ఉత్తరంలో నీకు రాశాను. నీ కోడలి మీద ఏం రాసినా నువ్వు నమ్ముతావని నాకు తెలుసు. అది నిజం కాదమ్మా.

సెలవుల కోసం నేను వేసిన పిటిషన్ మొన్న విచారణకి వచ్చింది. జడ్జిగారు హర్షితని ఒక్కదాన్నే లోపలికి పిలిపించుకుని, నాన్నతో వెళ్తావా అని అడిగారట. తర్వాత మా ఇద్దరినీ పిలిచి, పిల్ల చెప్పిన మాట చెప్పారు. "నాన్నంటే ఇష్టమేనండి. కానీ వెళ్తే మళ్ళీ ఫోటో తీసి రోడ్డు మీద కడతారు" అందట. ఈ వేసవికి తొందరపెట్టకండి, దసరా సెలవులప్పుడు చూద్దాం అన్నారు జడ్జిగారు.

బయట వరండాలోకి రాగానే నాకు ఒళ్ళు తెలియలేదు. నువ్వే నేర్పావు అని శ్రీదివ్య మీద కేకలేశాను. తను అరవలేదు.

"నేర్పానంటే నేర్పాననే అనుకోండి. బస్సు ఆ సెంటర్‌కి వచ్చేసరికి ఇది సీటు కింద దూరిపోతోందంటండి. బోసినోటి హర్షితా, మీ నాన్నకి నువ్వు కావాలంట అని క్లాసులో ఏడిపిస్తున్నారంట. నాక్కూడా చాలా రోజులు చెప్పలేదు" అంది.

హర్షిత వాళ్ళమ్మ చున్నీ కొంగు వదిలి నా దగ్గరికి వచ్చింది. "నాకు పళ్ళొచ్చేశాయి నాన్నా" అని పెదవి పైకెత్తి చూపించింది. నిజమే, వచ్చేశాయి. చక్కటి పలువరస. శనివారాలు కలుసుకునే ఆ కోర్టు గదిలో అది ఎప్పుడూ నవ్వదు కాబట్టి నేను చూడనే లేదు.

"అదెందుకు కట్టావు?" అంది.

"నువ్వు చూస్తావనమ్మా."

"నేను చూడట్లేదు కదా. అందరూ చూస్తున్నారు."

అటునుంచి అటే సెంటర్‌కి వెళ్ళి, నిచ్చెన అడిగి తీసుకుని, తాళ్ళు నేనే కోశాను. కింద సోడా బండి అతను తలెత్తి, "ఏమండీ, పాప పుట్టినరోజు అయిపోయిందా?" అని అడిగాడు. అయిపోయిందండీ అన్నాను. పాపం, అతనికి చదువు రాదు.

ఇంటికి తెచ్చి, దుమ్ము తుడుద్దామని హాల్లో పరిచాను. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అదే అయింది. ఎక్కడ అడుగు వేసినా పిల్ల మొహం మీదే పడుతుంది. వంటింటి గుమ్మంలోంచి ఇవతలికి రాలేక అక్కడే కూలబడి ఏడ్చానమ్మా. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. రైతులకి నాయకుల మొహాలన్నీ ఇచ్చేశాను. ఇది మాత్రం ఇవ్వలేదు. మొహం మీద మడత పడకుండా చుట్టి అటక మీద పెట్టాను.

సంఘం మానేస్తానని ఉదయ్‌భాస్కర్ గారికి చెప్పాను. "మీరు కట్టిన చోటు తప్పండి. అడిగిన మాట తప్పు కాదు. సోమవారం వచ్చి కూర్చోండి" అన్నారు. షామియానాలో ఇక పిల్లల ఫోటోలు పెట్టొద్దని అందరికీ చెప్పారు కూడా. వెళ్తాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఉంది గానీ, ఆ నాలుగు కుర్చీలు కూడా ఖాళీ అయితే మా మాట అడిగేవాళ్ళే ఉండరు.

ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు. ఈ వేసవికి మేం రావడం లేదమ్మా. నువ్వు రోజులు లెక్కపెట్టుకుంటున్నావని అక్క చెప్పింది. అందుకే మొదట్లోనే రాయడానికి చెయ్యి రాలేదు.

కొలత కూడా అడిగావు. నాలుగడుగుల మొహం అచ్చువేసినవాణ్ణి, పిల్ల ఎంత పొడుగుందో నాకు తెలీదు. ఆ గదిలో బల్లకి అటూ ఇటూ కూర్చునే చూసుకుంటాం. నిన్న శనివారం షాపు టేపు జేబులో వేసుకుని వెళ్ళాను. కానీ తీయడానికి భయమేసింది. మళ్ళీ ఏం చెయ్యబోతున్నాడో అని బెదురుతుందేమో అనిపించింది. "తీసేశావా?" అని ఒక్కటే అడిగింది. తీసేశానమ్మా అన్నాను. నేను తెచ్చిన కాజా తింది. వెళ్ళేముందు దానంతట అదే వచ్చి, నన్ను ఆనుకుని కాసేపు నిలబడింది. నడినెత్తి నా చొక్కా మూడో గుండీకి వచ్చింది. నా ఎత్తు నీకు తెలుసు, నా నీలం చొక్కా అక్కడే ఉండిపోయింది. మిగతాది నువ్వే చూసుకో.

ఒక్క మాట. అక్క చిన్నప్పుడు పరికిణీలకి కింద మడతలు వేయించి, ఏడాదికొకటి విప్పేదానివి. దీనికి ఇంకో రెండు ఎక్కువ వేయించు. నిన్ను చూడడానికి వచ్చేది దసరాకో, వచ్చే వేసవికో, చట్టం మారాకో చెప్పలేను. పిల్ల మాత్రం ఎదుగుతూనే ఉంటుంది కదమ్మా.

ఇట్లు,
హర్షిత వాళ్ళ నాన్న,
నీ కొడుకు
నిరంజన్